జూలై ఒకటిన పుట్టిన పిల్ల

మా బడిలో పిల్లలందరూ జూలై ఒకటో తారీఖునే పుట్టారు. నవ్వకండి. మీరు కొత్తగా ఉద్యోగంలో చేరిన మేస్టర్లయితే, మీ బీరువాలో ఉన్న పాత అడ్మిషను రిజిస్టరు ఒకసారి తీసి చూడండి. పుట్టిన తేదీ గడిలో పైనుంచి కిందదాకా ఒకటే తేదీ ఉంటుంది. చేతిరాతలు మాత్రం మారుతుంటాయి. ఆ చేతుల్లో నాదీ ఒకటి.

ముప్పై నాలుగేళ్ళు సుద్దముక్క పట్టాను. ఏ ఏడు ఏ గ్రేడు వచ్చిందో, ఎవరు ఎవర్ని దాటుకుని హెడ్మాస్టరయ్యారో నాకు జ్ఞాపకం లేదు, ఉన్నా మీకు పనికిరాదు. మాది విజయనగరం. ఇంట్లో అందరికీ వీణో వయొలీనో వచ్చు. నా గొంతుకీ వేళ్ళకీ శ్రుతి కుదరదని ఎనిమిదో ఏటనే తేల్చేసి, "వీడికి బడిపంతులు పని చాల్లే" అన్నారు మా తాతగారు. తిట్టారో దీవించారో గానీ అదే జరిగింది. నౌపడ దగ్గర, ఉప్పు మడుల పక్కనున్న ఒక చిన్న ఊరికి వేశారు. బడికి మేస్టరు ఒక్కడే, గది ఒక్కటే.

పాఠం ఎలా చెప్పాలో చెప్పే పుస్తకాలు బోలెడున్నాయి. నేను చెప్పేది ఆ రిజిస్టరులో ఒక్క గడి గురించి, అందులో నేను రాసిన ఒక్క తేదీ గురించి.

ఇరవయ్యో పేరు

అప్పట్లో ఇరవై మంది పిల్లలుంటేనే బడి. పంతొమ్మిదైతే బడి ఎత్తేస్తారు, మేస్టరు మూటాముల్లే కట్టుకోవాలి. యాభై ఏడు జూలైలో ఇన్‌స్పెక్టరు వస్తున్నారని కబురొచ్చేసరికి నా దగ్గర సరిగ్గా పంతొమ్మిది పేర్లున్నాయి. ఊరంతా తిరిగాను. అయిదేళ్ళు నిండినవాళ్ళలో వచ్చేవాళ్ళు వచ్చేశారు, మిగతావాళ్ళు గొడ్ల వెనకాలో ఉప్పు మడుల్లోనో ఉన్నారు. వాళ్ళని ఇంట్లోవాళ్ళు వదల్లేదు.

ఆఖరికి నరసమ్మ గుమ్మం దగ్గర ఆగాను. ఆవిడ మొగుడు సూర్రావు ఓడ మీద కలాసీ, ఏడాదికోసారి వచ్చి పోయేవాడు. ఊళ్ళో వాళ్ళకి చోడి, అదే రాగి, పండే మెట్ట చెక్క ఒకటుంది. నరసమ్మ చంకలో కూతురు పైడితల్లి ఉంది, చేతిలో తాటి తాండ్ర ముక్క పట్టుకుని నన్నే చూస్తోంది.

"ఈ పిల్లని బడిలో వేస్తావా అమ్మా" అన్నాను.

"గుంటకింకా నాలుగే గదా బాబూ. మాగమాసంలో వాన కురిసి మడుల్లో ఉప్పంతా నీరైపోనాది సూడండి, ఆ ఏడు పుట్టినాది. అయిదెక్కడొస్తాది?"

"కాయితం మీద వస్తుందిలే" అన్నాను.

ఆ వాన నాకూ తెలుసు. యాభై మూడు ఫిబ్రవరి. నేను మాత్రం అయిదు నిండినట్టు యాభై రెండు జూలై ఒకటి అని రాశాను. మేస్టర్లందరం చేసే పనే అది. బడి తెరిచే రోజుకి అయిదు నిండాలి కాబట్టి అందరికీ అదే తేదీ. ఆ తేదీ ఊరి పొలిమేర దాటి ఎక్కడికో వెళుతుందని మాలో ఎవరికీ తట్టలేదు. ఇన్‌స్పెక్టరు గారొచ్చారు, ఇరవై తలలు లెక్కపెట్టుకున్నారు, కొబ్బరినీళ్ళు తాగి వెళ్ళారు. ఆయనున్నంతసేపూ ఇరవయ్యో పిల్ల పలక మీద తలపెట్టుకుని నిద్రపోయింది. పిల్ల చదువు కోసం చేశానని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. కాదు, నా ఉద్యోగం కోసం చేశాను.

ఉగాది ఉత్తరం

పిల్లకి ఆరేళ్ళప్పుడు సూర్రావు విలాయతు వెళ్ళిన ఓడ దిగి అక్కడే ఉండిపోయాడు. అప్పటికింకా ఆ దేశం తలుపులు బార్లా తీసే ఉన్నాయి. చలి ఊళ్ళో ఒక బట్టల మిల్లులో పని దొరికింది. నెలకో ఉత్తరం వచ్చేది. చదివేది నేను, జవాబు రాసేది నేను. వాళ్ళింటి సంగతులు మా ఇంటి సంగతులకంటే నాకే ఎక్కువ తెలుసని మా ఆవిడ దెప్పేది. నిజమే.

మొదట్లో పిల్లనొక్కర్తినీ పంపెయ్యమన్నాడు, అక్కడ చదివిస్తానన్నాడు. నరసమ్మ ఒప్పుకోలేదు. అత్తగారు మంచంలో ఉంది, తను కదల్లేదు. "ఆడగుంటనొక్కర్తినీ ఏ మొగమెట్టుకుని పంపను" అనేది. అలా ఏళ్ళు గడిచిపోయాయి. పిల్ల మా బడిలోనే ఎనిమిదిదాకా చదివింది. అప్పటికి ఎనిమిదిదాకా పెరిగింది మా బడి. అత్తగారు పోయాక, అరవై ఎనిమిది ఉగాది వెళ్ళిన మూడో నాడు ఈ ఉత్తరమొచ్చింది.

"ఇక్కడ కొత్త చట్టం వచ్చింది. ఇదివరకులా పిల్లనొక్కర్తినీ రానివ్వరు. తల్లీపిల్లా కలిసి రావాలి. పిల్లకి పదహారు నిండకూడదు. ముందు ముందు ఇంకా బిగిస్తారని అందరూ అంటున్నారు. నేను ఇంటాయనకి చెప్పి రెండు గదులు తీసుకున్నాను. ఆలస్యం చేయకండి. పైడితల్లి ఎంత ఎత్తయిందో మేస్టారిని రాయమను."

చదవడం అయ్యాక నరసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తొమ్మిదేళ్ళ బెంగ ఆవిడది. పిల్ల గోడకి ఆనుకుని నిలబడితే దాని తల మీద అట్ట పెట్టి గీత గీసి, అంగుళాలు కొలిచి రాశాను.

ఆ వేసవి నా ముప్పై నాలుగేళ్ళలోకీ మంచి వేసవి. ఇప్పటికీ దాని మీద బెంగగానే ఉంటుంది. సాయంత్రం తల్లీకూతుళ్ళు బడి అరుగు మీదకి వచ్చేవాళ్ళు. నేను అట్లాసు తెరిచేవాణ్ణి. నౌపడ నుంచి మద్రాసు, మద్రాసు నుంచి బొంబాయి, అక్కడ విమానం. పైడితల్లి వేలు పెట్టి దారి పొడుగునా నడిపించేది. నరసమ్మ అడిగేవి వేరు.

"అక్కడ చోళ్ళు దొరుకుతాయేటి?"

"దొరకవమ్మా."

"మరేటి తింటాడు మడిసి?" అని కాసేపు దిగులుపడి, మర్నాడు చోడిపిండి, ఎండుచేపలు, చింతపండు మూటలు కట్టడం మొదలుపెట్టేది. ఎండుచేపలు విమానంలో వద్దమ్మా అంటే, "అయితే అడుగున ఎడతాను" అనేది. మా ఆవిడ పిల్లకి నీలం రంగు స్వెట్టరు అల్లింది. ఆ మే నెల ఎండలో పైడితల్లి అది వేసుకుని చెమటలు కక్కుతూ ఊరంతా చూపించి వచ్చింది.

ఓ సాయంత్రం తల్లి లేకుండా చూసి నన్నడిగింది. "మా అయ్య మొగం నాకు సరిగ్గా గేపకం నేదు మేస్టారూ. బీడీ వాసనొక్కటే గేపకం. ఆయన నన్ను గుర్తుపడతాడా?"

"కన్నతండ్రి గుర్తుపట్టడేటే" అన్నాను.

దానికి ధైర్యం చెప్పాను గానీ, ఉత్తరం వచ్చిన రోజు నుంచీ నాకే ధైర్యం లేదు.

నా మాట

ఉత్తరం వచ్చిన మధ్యాహ్నమే రిజిస్టరు తీసి చూశాను. పుట్టింది జూలై ఒకటి, యాభై రెండు. కాయితం లెక్కన ఇంకో మూడు నెలల్లో పదహారు నిండిపోతాయి. నిజం లెక్కన వచ్చే మాఘమాసం దాకా గడువుంది. ఆ పిల్ల వయసుకి వేరే సాక్ష్యం లేదు. జాతకం రాయించలేదు. మునసబు జనన మరణాల పుస్తకంలో ఆ ఏడు ఆడపిల్లలెవరూ పుట్టినట్టే లేదు. ఆయనదీ నా బాపతే.

అప్పుడే సరిచేయించి ఉండాలి. పై అధికారికి, నాలుగేళ్ళ పిల్లని అయిదని రాశాను, తప్పు నాది అని ఒక్క కాయితం రాస్తే సరిపోయేది. రాయలేదు. అలా రాస్తే ఆ ఏడు నా ఇరవై మంది ఇరవై కాదని తేలుతుంది, దొంగ లెక్క చూపించి బడి నిలబెట్టానని తేలుతుంది. జూన్‌లోగా పాస్‌పోర్టులు రావా, జూలై ముందే వాళ్ళు చేరిపోరా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

పాస్‌పోర్టుకి పోలీసు ఎంక్వైరీ ఉంటుందని తెలిసి, నరసమ్మని బడికి పిలిచాను.

"ఎవరేం అడిగినా, బడిలో వేసేటప్పటికి పిల్లకి అయిదు నిండాయని చెప్పు. నాలుగని అన్నావంటే నా ఉద్యోగానికే ఎసరు" అన్నాను.

ఆవిడ ఇంకో ప్రశ్న వెయ్యలేదు. "అలగే బాబూ. మీకు మాటొచ్చే పని నాను సేస్తానా?" అంది. నా ఎదుట పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి మరీ మాటిచ్చింది. హెడ్ కానిస్టేబుల్ వచ్చి అడిగితే అయిదని చెప్పింది. నేను రిజిస్టరు చూపించాను. అన్నీ సరిపోయాయి. ఆ పూట హాయిగా అన్నం తిన్నాను.

పాస్‌పోర్టులు జూన్‌లో రాలేదు. ఆషాఢం అమావాస్య దాటాక వచ్చాయి. కాయితం మీద పైడితల్లికి పదహారు నిండి అప్పటికి నాలుగు వారాలు. ఆ పుస్తకం చేతిలో పట్టుకుని తన ఫోటో చూసుకుని మురిసిపోతోంది పిల్ల. నేను కింద ఉన్న తేదీ చూశాను.

డిప్యూటీ గారు

మా డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారంటే జిల్లాలో మేస్టర్లందరికీ హడలు. సైకిలు దిగుతూనే హాజరుపట్టీ అడిగే మనిషి. టెక్కలిలో ఆయన మకాంకి వెళ్ళి, నిలబడే సంగతంతా చెప్పాను. మధ్యలో అడ్డు రాలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని అడిగారు.

"ఇదంతా రాసిస్తావా?"

"రాస్తే ఏమవుతుందండీ?"

"నీకేమవుతుందో అడుగుతున్నావా, పిల్లకేమవుతుందో అడుగుతున్నావా?"

దణ్ణం పెట్టి వచ్చేశాను. మళ్ళీ రెండు వారాలు తాత్సారం చేశాను. ఇక్కడ మీరు నన్ను తిట్టుకోవచ్చు, నేనూ తిట్టుకున్నాను. ఓ పొద్దున్న బడికి వెళుతుంటే పైడితల్లి ఉప్పు మడుల గట్టు మీద నడుస్తూ, ఎవరూ లేరనుకుని, ఇంగ్లీషులో తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు గట్టిగా వల్లిస్తోంది. మద్రాసు ఆఫీసులో విలాయతు వెళ్ళడానికి అనుమతిచ్చే దొర అడిగితే చెప్పడానికట. ఆ మధ్యాహ్నం పిల్లలకి సెలవిచ్చేసి కూర్చుని నాలుగు పేజీలు రాశాను. తీసుకెళ్ళి డిప్యూటీ గారి చేతిలో పెట్టాను.

అధికారుల్ని నేను జీవితంలో చాలామందిని చూశాను. మెత్తగా మాట్లాడి కాయితం మీద కూర్చునేవాళ్ళే ఎక్కువ. ఈ మనిషి నన్ను నానా మాటలూ అన్నారు గానీ, ఫైలు ఒక్క రోజు కూడా ఆపలేదు. దసరా ముందే ఆర్డరు తెచ్చారు. తేదీ సరిచేశారు. నాకు ఒక మందలింపు, కొత్తవలసకి బదిలీ. చవగ్గా బయటపడ్డాననే అనుకున్నాను.

కొత్త సర్టిఫికెట్టు, నా ఒప్పుకోలు కాయితం నకలు, రెండూ కవరులో పెట్టి అంటించి నరసమ్మకిచ్చాను. "ఇది దొర చేతికియ్యి, వాళ్ళు చూసుకుంటారు" అన్నాను. ఆవిడకి చదువు రాదు. అందులో ఏముందో చెప్పాలి. పిల్ల ముందు, తప్పుడు లెక్క రాశానని చెప్పడానికి నాకు సిగ్గేసింది. చెప్పలేదు. కవరు కళ్ళకద్దుకుని తీసుకెళ్ళింది.

మద్రాసు నుంచి

బదిలీకి నేను పుస్తకాలు పెట్టెలో సర్దుకుంటుండగా తిరిగొచ్చారు. పిల్ల అరుగు మీదే ఆగిపోయింది. నరసమ్మ లోపలికొచ్చి నేల మీద కూర్చుంది.

"ఏమయిందమ్మా?"

"నాను ఎల్లొచ్చంట బాబూ. గుంట ఎల్లకూడదంట."

నాకేం అర్థం కాలేదు. సర్టిఫికెట్టు ఇచ్చావా అని అడిగాను. ఇచ్చానంది. ఏమడిగారు అంటే, నెమ్మదిగా చెప్పుకొచ్చింది.

"నన్నూ గుంటనీ ఏరేరుగా కూకోబెట్టినారు. బళ్ళో ఏసినప్పుడు గుంటకి ఎన్నేళ్ళని అడిగినారు. అయిదు నిండినాయని సెప్పినాను. తెలుగాయనొకాయన కాయితం సూసి, మీ మేస్టారు నాలుగని రాసినారు గదమ్మా అన్నాడు. కాదు బాబూ, మా మేస్టారు దేవుడిలాంటోరు, నా గుంట మీద జాలితో అలగ రాసుంటారు, అయిదే అన్నాను. మల్లా మల్లా అడిగినారు. ఎన్నిపాల్లడిగినా అయిదే అన్నాను. మీకిచ్చిన మాట నాను తప్పనేదు మేస్టారూ. మీ ఉద్యోగానికి మాట రానియ్యనేదు."

చేతిలో పుస్తకం కింద పెట్టి ఆవిడ ఎదురుగా నేల మీదే కూర్చున్నాను. ఉన్నదంతా అప్పుడు చెప్పాను. ఆ కాయితంలో ఏం రాశానో, ఆవిడ నిజం చెప్పి ఉంటే ఏమయ్యేదో చెప్పాను. వింటూ కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"ముందే ఓ మాట సెప్పి ఉంటే బాగుణ్ణు గదా బాబూ" అంది. అంతే. ఆవిడ అరిచి ఉంటే నేను తట్టుకునేవాణ్ణి.

మద్రాసుకి మూడు ఉత్తరాలు రాశాను. తల్లే స్వయంగా అయిదని చెప్పాక, పైగా చట్టం బిగిసిన ఏడే దిద్దిన తేదీని నమ్మలేమని జవాబొచ్చింది. వాళ్ళనేం అనను. నేను వాళ్ళ కుర్చీలో ఉన్నా అదే రాసేవాణ్ణి. మాఘం వచ్చింది, వెళ్ళింది. పైడితల్లికి నిజంగానే పదహారు నిండాయి. నరసమ్మ పిల్లని వదిలి వెళ్ళలేదు. కొత్తవలసలో నేను బొగ్గు బండీ కూత విన్నప్పుడల్లా మద్రాసు మెయిలే జ్ఞాపకం వచ్చేది.

రెండు నెలలు

చివరి మూడేళ్ళూ అడిగి మరీ ఆ ఊరికే వేయించుకున్నాను. అప్పటికి పైడితల్లికి పెళ్ళయింది, ఊళ్ళోనే. సూర్రావు ఒక్కసారి వచ్చాడట, నలభై రోజుల సెలవు మీద. ఆ సంగతి పైడితల్లే చెప్పింది.

"నౌపడ టేసన్‌కి ఎల్లినాను మేస్టారూ, ఆ నీలం స్వెట్టరు సేతిలో అట్టుకుని. పొట్టయిపోనాది గదా, ఏసుకోలేక. మా అయ్య రైలు దిగి నా పక్కనుంచే ఎల్లిపోనాడు. అటూ ఇటూ ఎతుకుతన్నాడు. ఏ ఈడు గుంట కోసం ఎతుకుతన్నాడో మరి. నానే ఎల్లి సెయ్యి అట్టుకున్నాను."

"నువ్వు గుర్తుపట్టావా?"

"బీడీ వాసనొచ్చినాది" అంది.

కన్నతండ్రి గుర్తుపట్టడేటే అని నేనన్న మాట దానికి జ్ఞాపకం ఉందో లేదో అడగలేదు. నాకు జ్ఞాపకం ఉంది.

కొత్తగా చేరేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. తల్లి గుమ్మంలో నిలబడి చెప్పే వాన, ఉప్పు కరిగిన ఏడు, పండగ ముందా వెనకా, అదంతా పిచ్చి మాటలనుకోకండి. కూర్చుని లెక్కగట్టి రాయండి. మీరు తప్పు రాస్తే మీరే వెళ్ళి దిద్దుకోండి, దిద్దుకున్నాక ఎవరితో అబద్ధమాడించారో వాళ్ళకి ముందు చెప్పండి. నేను రెండోది చేశాననుకుని మూడోది మానేశాను.

నా ఆఖరి జూలైలో పైడితల్లి తన కూతుర్ని చంకనేసుకుని బడికి తీసుకొచ్చింది. నాతో పనిచేసే కుర్ర మేస్టరు ఉన్నాడు, మంచివాడే, హుషారైనవాడు. పేర్లు తక్కువ పడుతున్నాయని వారం రోజులుగా బెంగపెట్టుకున్నాడు. కలం నా చేతిలోనే ఉంది.

"పిల్లకెన్నేళ్ళే?" అన్నాను.

"నాలుగేళ్ళ పది నెల్లు మేస్టారూ."

"రెండు నెలలే కదండీ, జూలై ఒకటి వేసేద్దాం, ఏమవుతుంది" అన్నాడు కుర్ర మేస్టరు.

పైడితల్లి నా వైపు చూసింది. కోపం లేదు. పిల్లని చంకలో సర్దుకుంది.

"వద్దు మేస్టారూ. ఇది ఎక్కడికెల్తాదో ఎవరికి తెలుసు. నిండేక తీసుకొస్తాను" అని, వచ్చిన దారినే ఉప్పు మడుల గట్టు మీద ఇంటికి వెళ్ళిపోయింది. సెప్టెంబరు తొమ్మిదిన పొద్దున్నే, తలంటిన జుట్టు ఇంకా తడిగా ఉన్న పిల్లని తెచ్చి నా ముందు నిలబెట్టింది. గడిలో ఆ తేదీయే రాశాను.